మాలా-ఎన్, ఛాయా: ఏ బిళ్ల ఎవరికి?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింట్లో ఉండే నెల్లూరు అమ్మాయి, "అక్కా, ఆరోగ్య కేంద్రంలో రెండు రకాల గర్భనిరోధక బిళ్లలు ఉచితంగా ఇస్తామన్నారు, ఏది తీసుకోను?" అని అడిగింది.

మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ హార్మోన్లు ఉంటాయి. అవి అండం విడుదలను ఆపుతాయి, గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరుస్తాయి. అట్టలో 28 బిళ్లలు: 21 హార్మోన్లవి, చివరి 7 ఐరన్‌వి. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మొదట్లో వికారం, రొమ్ముల సలుపు, నెల మధ్యలో రక్తపు మరకలు కనిపించవచ్చు. చాలామంది ఇక్కడే మానేస్తారు. రెండు మూడు నెలలు ఓపిక పడితే సాధారణంగా సర్దుకుంటాయి. అసలు జాగ్రత్త రక్తం గడ్డకట్టడం గురించి. అరుదే, కానీ పిక్క వాచి నొప్పిపెట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అధిక రక్తపోటు, కళ్లముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారికి ఈ బిళ్ల వద్దు.

ఛాయాలో హార్మోన్ లేదు. అందులోది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన సెంట్‌క్రోమన్. అండం విడుదలవుతుంది కానీ పిండం గర్భాశయంలో కుదురుకోదు. మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటి. నెలసరి ఆలస్యం కావచ్చు. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య), కాలేయ జబ్బు ఉంటే పనికిరాదు.

మా పక్కింటి అమ్మాయి నాలుగు నెలల పాపకు పాలిస్తోంది కాబట్టి, హార్మోన్ లేని ఛాయానే నేను చెప్పాను, డాక్టరును అడిగాకే మొదలుపెట్టమని.