ఓజోన్ వాయువా, ఓజోన్ నూనెనా?

అనంతపురంలో మా పెద్దమ్మకు షుగరు వల్ల కాలికి పుండు పడినప్పుడు, ఒకరు ఓజోన్ వాయువును రక్తంలోకి ఎక్కించుకోమన్నారు, మరొకరు ఓజోన్ పట్టించిన ఆలివ్ నూనె సీసా తెచ్చిచ్చారు. రెండూ ఒకటి కావు. వాయువును పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, నేరుగా సిరలోకి ఎక్కిస్తే బుడగలు రక్తప్రవాహాన్ని అడ్డుకుని ప్రాణం మీదికి తేవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిబంధనలు దీనిని విషవాయువుగానే పేర్కొంటున్నాయి. నూనెలోనైతే అసంతృప్త కొవ్వు ఆమ్లాలతో ఓజోన్ కలిసి ఓజోనైడ్లనే సమ్మేళనాలుగా మారుతుంది, అందుకే అది పేరిన నెయ్యిలా చిక్కబడి ఘాటు వాసన వేస్తుంది. సూక్ష్మజీవులను కొంత అణచగలదు గానీ, పుండ్లపై జరిగిన పరీక్షలు చిన్నవి. వాయువును నేను పూర్తిగా వద్దంటాను. నూనెనైనా, షుగరు మందులూ రోజువారీ కట్టూ మానకుండా, డాక్టరు సరేనన్నాకే రాయమంటాను. ఎందుకంటే షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదానికి ఆ నూనెతో మంట పుట్టినా తెలియదు.