ఆరు గంటల సెషన్‌కు ముందు, తర్వాత: ఒక సైలోసైబిన్ కేంద్రంపై సమీక్ష

చట్టం అనుమతించిన చోట, లైసెన్సు ఉన్న ఒక కేంద్రంలో నేను సైలోసైబిన్ (కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే, మనఃస్థితిని మార్చే పదార్థం) సెషన్ తీసుకున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదులో సగం ఆ ఒక్క కేంద్రం మీద అయితే, మిగతా సగం ఇలాంటి సేవలన్నీ తమను తాము ప్రచారం చేసుకునే తీరు మీద. ప్రచారమంతా ఆ ఒక్క రోజు గురించే ఉంటుంది: మెత్తని పరుపు, కళ్లకు గంతలు, చెవుల్లో సంగీతం. డబ్బు కట్టే ముందు నేను చూసి ఉండవలసింది మాత్రం, ముందు వారాల్లో వీరు నన్ను ఏమేమి అడుగుతారు, తర్వాతి వారాల్లో ఎంతవరకు అందుబాటులో ఉంటారు అన్న రెండు విషయాలే. మొదటిదానిలో ఈ కేంద్రం నన్ను ఆశ్చర్యపరిచింది. రెండోదానిలో నిరాశపరిచింది.

ముందుగా నింపి పంపిన ఫారంలో, కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా గాని బైపోలార్ రుగ్మత గాని ఉందా అన్న ప్రశ్నకు నేను లేదని టిక్కు పెట్టాను. వారం తర్వాత ఫోన్ చేసిన నర్సు అదే సంగతిని వేరే మాటల్లో అడిగారు: "మీ ఇంట్లో ఎవరైనా చాలాకాలం ఆసుపత్రిలో ఉండి, ఎందుకు ఉన్నారో పిల్లలకు చెప్పకుండా దాచిన సందర్భం ఉందా?" అప్పుడు మా పెదనాన్న గుర్తొచ్చారు. అమ్మను అడిగితే ఆయన ఉన్నది క్షయ వార్డులో అని, ఆ రోజుల్లో ఆ మాట కూడా బయటికి చెప్పేవారు కాదని తేలింది. ఈ విచారణ వల్ల నా సెషన్ పది రోజులు వెనక్కి జరిగింది గాని, నేను ఈ కేంద్రాన్ని నమ్మడం మొదలుపెట్టింది ఆ ప్రశ్నతోనే. సైకోసిస్, అంటే నిజానికీ భ్రమకూ తేడా తెలియని మానసిక స్థితి, వచ్చే అవకాశం ఉన్న మనిషిలో ఈ పదార్థాలు దాన్ని బయటికి తేగలవన్న భయంతోనే, వైద్య పరిశోధనల్లో సాధారణంగా అటువంటి కుటుంబ చరిత్ర ఉన్నవారిని చేర్చుకోరు. ఫారంలో రోగం పేరు రాసి అడిగితే చాలామంది నిజాయితీగానే తప్పు జవాబు చెబుతారు. ఈ నర్సుకు ఆ సంగతి తెలుసు.

మందుల విషయంలోనూ అంతే శ్రద్ధ కనిపించింది. నేను అప్పటికి డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ అనే మందు వాడుతున్నాను. సైలోసైబిన్ శరీరంలో సైలోసిన్‌గా మారి, మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేస్తుంది కనుక, ఈ తరహా డిప్రెషన్ మందులు దాని ప్రభావాన్ని మందగింపజేయవచ్చు. అయినా నన్ను మందు మానమని ఎవరూ చెప్పలేదు. మా సైకియాట్రిస్ట్‌తో మాట్లాడి, మానాలా, తగ్గించాలా, అలాగే కొనసాగించాలా అన్నది ఆయన నిర్ణయంగా లేఖలో రాయించుకుని రమ్మన్నారు. అకస్మాత్తుగా మాత్రలు ఆపేసి, సెషన్ నాటికి పాత డిప్రెషన్ తిరగబెట్టిన స్థితిలో వచ్చేవారు ఉంటారని కూడా చెప్పారు. బైపోలార్ రుగ్మతకు ఇచ్చే లిథియం వాడేవారిని మాత్రం అసలు చేర్చుకోబోమని చెప్పారు. లిథియం, సైలోసైబిన్ కలిసినప్పుడు మూర్ఛలు వచ్చిన ఉదంతాలు ఉన్నాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి: మనసు తీరును, అనుభూతిని మార్చే ఇలాంటి పదార్థాలన్నిటినీ "సైకెడెలిక్" అన్న ఒకే పేరు కింద ఒక గాటన కట్టడం ప్రమాదం. అమెజాన్ ప్రాంతపు మొక్కల కషాయమైన అయావాస్కాలో, సెరటోనిన్‌ను విడగొట్టే మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, కాబట్టి డిప్రెషన్ మాత్రలతో కలిస్తే అది ప్రాణాపాయం దాకా వెళ్లవచ్చు. ఆఫ్రికాలోని ఒక మొక్క నుంచి వచ్చే ఐబోగైన్ గుండె లయను చెదరగొట్టి మరణాలకు కారణమైంది. ఒకదానికి సరిపోయిన జాగ్రత్త మరొకదానికి చాలదు.

సెషన్‌కు రెండు రోజుల ముందు నన్ను అదే గదికి పిలిచి, అదే పరుపు మీద, గంతలు కట్టి, ఇరవై నిమిషాలు సంగీతం వినిపించారు. తర్వాత ఫెసిలిటేటర్ (సెషన్‌లో పక్కనే ఉండి చూసుకునే సహాయకుడు) మోచేయి పట్టుకుని, కళ్లు మూసుకునే బాత్రూమ్ దాకా నడిచి వెనక్కి రమ్మన్నారు. ఇదేం డ్రిల్లు అని లోపల నవ్వుకున్నాను. సెషన్ నాడు మూడో గంటలో, నేల ఎక్కడుందో తెలియని స్థితిలో, ఆ పదకొండు అడుగులు నా కాళ్లకు గుర్తున్నాయి. స్పర్శ గురించి కూడా ఆ రోజే మాట్లాడారు. చేయి పట్టుకోవచ్చా, భుజం మీద చేయి వేయవచ్చా, ఇంకెక్కడా వద్దా అన్నవన్నీ కాగితం మీద రాసుకుని సంతకం తీసుకున్నారు. సెషన్‌లో ఉండగా ఆ అనుమతిని నేను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు గాని, పెంచడానికి వీల్లేదు. మత్తులో ఉన్న మనిషి ఇచ్చే కొత్త అనుమతికి విలువ లేదని వారి నియమం. ఏ సేవనైనా ఎంచుకునేవారు ఈ నియమం ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

సెషన్ సంగతి క్లుప్తంగానే రాస్తాను. పదార్థం ఇచ్చే ముందు రక్తపోటు చూశారు, మధ్యలో మళ్లీ చూశారు. ఇద్దరు ఫెసిలిటేటర్లలో కనీసం ఒకరు ఎప్పుడూ గదిలోనే ఉన్నారు. మొదటి గంటలో వికారం, తర్వాత ఏడుపు, ఆ తర్వాత నీళ్లలో తడిసిన ఉత్తరాలను ఎవరో ఒక్కొక్కటిగా విడదీసి ఆరబెడుతున్న దృశ్యం. చేతులు మాత్రమే కనిపించాయి. సాయంత్రం నన్ను ఒంటరిగా పంపలేదు. తీసుకువెళ్లడానికి వచ్చిన స్నేహితుడి పేరు, ముందు రాసి ఇచ్చిన పేరు ఒకటేనని చూసుకున్నాకే తలుపు తీశారు.

చిక్కంతా ఆ తర్వాతే. అనుభవంలో కనిపించిన దాన్ని రోజువారీ బతుకులోకి తెచ్చుకునే పనిని వీరు ఇంటిగ్రేషన్ అంటారు. దానికోసం వారిచ్చినవి మర్నాడు ముప్పావు గంట ఫోన్ కాల్, ఒక పీడీఎఫ్ పుస్తకం. ఆ కాల్‌లో మొదటి ఫెసిలిటేటర్ ఉత్తరాల సంగతి వినగానే, "అవి మీ నాన్నగారితో మీరు మాట్లాడకుండా మిగిల్చుకున్న మాటలు" అని తేల్చేశారు. అది నిజమే కావచ్చు. కానీ సెషన్ జరిగిన మర్నాడు మనసు తడి మట్టిలా ఉంటుంది, ఎవరు ఏ ముద్ర వేస్తే అదే పడుతుంది. ఆ సమయంలో మరొకరి అర్థాన్ని నా చేతిలో పెట్టడం నాకు నచ్చలేదు. రెండో ఫెసిలిటేటర్ మాత్రం, "ఆరిన తర్వాత ఆ ఉత్తరాలను మీరు ఏం చేయాలనుకున్నారు?" అని అడిగి ఊరుకున్నారు. మూడు రోజులు నేను ఆ ప్రశ్నతోనే తిరిగాను. ఉద్యోగం మానడం, బంధం తెంచుకోవడం వంటి పెద్ద నిర్ణయాలు కొన్ని వారాల పాటు వాయిదా వేయమని, దృశ్యంలో కనిపించిందల్లా ఒకప్పుడు నిజంగా జరిగిందని నమ్మేయవద్దని పీడీఎఫ్‌లో ఉన్న సలహాలు మంచివే. అవి ఫోన్‌లో మనిషి నోట వినవలసిన మాటలు.

మొదటి రెండు వారాలు తేలికగా గడిచాయి. మూడో వారంలో ఒక ఉదయం పాత బరువు అలాగే వచ్చి కూర్చుంది, దానితో పాటు ఇంత చేసినా పోలేదన్న కొత్త బాధ కూడా. కేంద్రానికి ఫోన్ చేస్తే తొమ్మిది రోజుల తర్వాతి తేదీ ఇచ్చారు. ఈలోగా నన్ను నిలబెట్టింది మా సైకియాట్రిస్ట్ మాత్రమే. ఇది నా ఒక్కడి విషయంలో జరిగిన వింత కాదు. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 233 మందితో చేసి, 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పరిశోధనలో, 25 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో మూడో వారానికి 37 శాతం మందికి గణనీయమైన మేలు కనిపించగా, ఆ మేలు పన్నెండో వారం దాకా నిలిచినవారు 20 శాతమే. ఆత్మహత్య ఆలోచనలు, స్వయంగా గాయపరచుకోవడం వంటివి అన్ని మోతాదుల వారిలోనూ కొందరిలో నమోదయ్యాయి. అంటే మనిషి జారే అవకాశం ఉన్న వారాలు ఏవో ఈ రంగంలో పనిచేసేవారికి ముందే తెలుసు. సరిగ్గా ఆ వారాల్లోనే ఈ కేంద్రం ఫోన్ దగ్గర ఎవరూ లేరు.

తయారీకి అయిదుకు అయిదు మార్కులు, సెషన్‌కు నాలుగు, తర్వాతి తోడుకు ఒకటిన్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర కూడా రెండో ఫెసిలిటేటర్ అడిగిన ప్రశ్నకే. ఇప్పటికే సొంత వైద్యుడో థెరపిస్టో ఉండి, వారికి ఈ విషయం చెప్పి, సెషన్ తర్వాత నెల రోజుల పాటు వారానికోసారి వారి దగ్గర సమయం తీసి పెట్టుకోగలిగినవారు ఈ కేంద్రానికి ధైర్యంగా వెళ్లవచ్చు. అలాంటి ఆధారం లేనివారికి నేను సిఫారసు చేయలేను. ఇదే విషయం కేంద్రానికి ఉత్తరం రాస్తే మర్యాదగా జవాబిచ్చారు: అదనపు ఇంటిగ్రేషన్ సెషన్లు విడిగా కొనుక్కోవచ్చట. మూడో వారంలో ఫోన్ ఎత్తేది ఎవరన్న నా ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.