జయంతి శీలావతి పిల్ల: ఎదుగుదల సరే, మేత మాటేమిటి?

భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో ఎక్కువ భాగం శీలావతే (రోహు), మిగతాది బొచ్చె (కట్ల). పెట్టుబడిలో పెద్ద వాటా మేతదే కాబట్టి, త్వరగా ఎదిగేలా ఎంపిక చేసిన శీలావతి రకమైన జయంతి పిల్ల కొనేవాళ్లు ముందు అడిగేది కూడా మేత గురించే.

ఈ పిల్ల వెనక గట్టి పనే ఉంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా, నార్వే సాల్మన్ శాస్త్రజ్ఞులతో కలిసి 1992లో మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్రల నుంచి చేపలు తెచ్చి, కుటుంబాల వారీగా పెంచి, బాగా ఎదిగిన వాటినే తల్లి చేపలుగా ఉంచుకుంటూ వచ్చారు. తరానికి సుమారు 17 శాతం ఎదుగుదల పెరిగింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ ఏడాది 1997లో విడుదలైంది కనుక జయంతి అన్నారు.

ఎదుగుదలకు పూర్తి మార్కులు ఇవ్వొచ్చు. కానీ ఎంపిక జరిగింది బరువు చూసి, మేత చూసి కాదు. గుంపులో ఏ చేప ఎంత తిన్నదో కొలవడం కష్టం. సాల్మన్‌లోనూ మొదట బరువే చూశారు. అయినా అక్కడ ఐదు తరాల తర్వాత, 1999లో వచ్చిన పోలికలో, ఎంపిక చేసిన సాల్మన్ నది సాల్మన్‌కు రెట్టింపు ఎదిగింది. ఎక్కువ తిన్నది, కిలో పెరగడానికి మాత్రం 20 శాతం తక్కువ మేత పట్టింది. ఆ 20 శాతాన్ని చెరువులో వేలాడగట్టే మన తవుడు సంచికి అంటగట్టకూడదు. మనం పట్టుకోవాల్సింది ఆకలి సంగతి: వేగంగా ఎదిగే చేప ఎక్కువ తింటుంది. పాత లెక్కన అవే సంచులు కడితే కొత్త పిల్ల గుణం బయటపడదు.

సంచిని గమనించండి. అడుగున ఉన్న రెండు వరసల చిల్లుల దగ్గర చేపలు మూతి పెట్టి లాగుతుంటే సంచి కదులుతూనే ఉంటుంది. తొందరగా ఖాళీ అయితే మేత పెంచాలి. మధ్యాహ్నానికీ బరువుగా వేలాడుతుంటే తగ్గించాలి, లేకపోతే తవుడు కిందపడి కుళ్లి, నీటిలో ఆక్సిజన్ తగ్గి, తెల్లవారుజామున చేప తేలుతుంది. మబ్బు రోజున ముందే తగ్గించడం మేలు.

ఎఫ్‌సీఆర్, అంటే కిలో చేప పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టింది అన్న లెక్కలో చాలామంది ఒక తప్పు చేస్తారు. ఎకరాకు 150 గ్రాముల పిల్ల 2,500 వేస్తే వేసిన బరువే 375 కిలోలు. పట్టుబడి 3,375 కిలోలు, మేత 9,000 కిలోలు అనుకోండి. నేరుగా భాగిస్తే 2.67 వస్తుంది. వేసిన బరువు తీసేస్తే అసలు లెక్క 3. ఇయర్లింగ్, అంటే ఏడాది వయసున్న పెద్ద పిల్ల వేసే మన పద్ధతిలో ఈ తేడా చిన్నది కాదు.

పెద్ద చిక్కు పిల్ల అసలుదో కాదో తెలియకపోవడం. ఒకసారి కొన్న జయంతినే చెరువులో పెంచి, అందులోంచి ఏవో కొన్ని తల్లుల్ని తీసి మళ్లీ మళ్లీ పిల్ల తీయిస్తే రక్త సంబంధం దగ్గరై ఎదుగుదల పడిపోతుంది. తల్లి చేపలు ఎక్కడివి, ఎప్పుడు తెచ్చారు అని హేచరీలో అడగండి. రసీదు చూపించలేకపోతే ఎక్కువ ధర ఇవ్వకండి.

పరీక్ష చేయాలంటే ఒకే బరువున్న జయంతి 200, మామూలు శీలావతి 200 ఒకే చెరువులో వేయండి. వేరు చెరువుల్లో వేస్తే నీటి తేడానే కనబడుతుంది. జయంతికి పొట్ట కింది రెక్క ఒకటి మొదలంటా కత్తిరించాలి, పైపైన కోస్తే మళ్లీ మొలుస్తుంది. నెలకోసారి వల లాగి రెండు రకాలూ విడిగా తూచండి. దీనితో ఎదుగుదల తేలుతుంది. మేత తేడా తేలాలంటే మాత్రం రెండింటినీ విడిగా, ఒకే నీటిలో కట్టిన వలగూళ్లలో పెంచి, పెట్టిన మేత తూకం వేయాల్సిందే.