గ్రిడ్‌లో వాటా: విదేశీ కంపెనీకా, సొంత ప్రభుత్వ బ్యాంకుకా?

కరెంటును దూరప్రాంతాలకు మోసే లైన్ల వ్యవస్థే గ్రిడ్. అందులో వాటా కొనడానికి పోర్చుగల్, జర్మనీ రెండుచోట్లా వచ్చింది చైనా ప్రభుత్వ సంస్థ స్టేట్ గ్రిడ్డే. పోర్చుగల్ 2012లో తన గ్రిడ్ సంస్థ ఆర్‌ఈఎన్‌లో 25 శాతం అమ్మింది. జర్మనీ 2018లో తన గ్రిడ్ సంస్థల్లో ఒకటైన 50హెర్ట్జ్‌లోని 20 శాతాన్ని తన ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ చేత కొనిపించింది.

ఖర్చు: అమ్మితే ఖజానాకు డబ్బొస్తుంది. అడ్డుకుంటే సర్కారు డబ్బే పోతుంది. 78 బిలియన్ యూరోల సహాయ రుణం తీసుకున్న పోర్చుగల్‌కు బేరాలాడే ఓపిక ఎక్కడిది?

రిస్క్: డివిడెండ్ బయటికి పోవడం చిన్న విషయం. బోర్డులో మరో ప్రభుత్వం కూర్చోవడమే అసలు టెన్షన్. అన్నట్టు, 50హెర్ట్జ్‌లో మెజారిటీ వాటా బెల్జియం సంస్థ ఎలియాది! జర్మనీ చూసింది ఏ విదేశం అన్నదే.

ఎవరికి ఏది: అప్పు మెడమీదుంటే మైనారిటీ వాటా అమ్మొచ్చు, గ్రిడ్ నియంత్రణ, డేటా మాత్రం వదలకూడదు. డబ్బుంటే సొంతంగా కొనుక్కోవడమే నయం.