పులిహోర వాసనకి 60 పౌండ్లు

ముందే చెప్పేస్తున్నాను, ఇంగ్లండ్‌లో మార్ల్‌బరో అనే ఊరి పక్కన మేము చూసొచ్చిన అడవి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా మంటంతా ఆ అడవి పక్కన మేము దిగిన బస మీదే. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళాలా అని తల పట్టుకునే తెలుగువాళ్ళు రెడింగ్, స్లౌ, స్విండన్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ళకి ఈ రెండు సంగతులూ పనికొస్తాయని రాస్తున్నాను.

మా మామయ్యగారు ఆత్మకూరు వైపు నల్లమలలో పనిచేసి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. లండన్ చూపించాం, బాగుంది అన్నారు. వేల ఏళ్ళ నాటి రాతి వలయం స్టోన్‌హెంజ్ కూడా చూపించాం. నలుగురికీ టికెట్లకే దాదాపు వంద పౌండ్లు. రాళ్ళ దగ్గరికి పోనివ్వరు, తాడు ఇవతల నుంచి చుట్టూ తిరిగి చూసి రావాలి. గాలి ఎంతలా కొట్టిందంటే అత్తయ్యకి చెంగు సర్దుకోవడంతోనే సరిపోయింది. తిరిగి కారెక్కాక మామయ్య, "అదంతా సరే, ఇంత పెద్ద రాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చినారు రా?" అని మావారిని అడిగారు. మావారు ఫోన్లో వెతికి చెప్పిన జవాబుతోనే ఈ ప్రయాణం మొదలైంది.

అక్కడున్న పెద్ద రాళ్ళని సార్సెన్లు అంటారు. ఇప్పుడు మిగిలినవి 52. 1958లో మరమ్మతులు చేస్తున్నప్పుడు ఒక రాయి పగిలి ఉండటం చూసి, లోపల కడ్డీలు దూర్చడానికి డ్రిల్లు వేశారట. అప్పుడు బయటికొచ్చిన మీటరు పొడవు రాతి ముక్కని ఆ పనిలో ఉన్న ఒకాయన దాచుకుని, అమెరికాకి కూడా పట్టుకెళ్ళి, ముసలివాడయ్యాక 2018లో తిరిగిచ్చేశాడు. దాన్ని పరీక్షించిన పరిశోధకులు 2020లో సంగతి తేల్చారు. 52లో 50 రాళ్ళు ఒక్కచోటి నుంచే వచ్చాయి, ఆ చోటు స్టోన్‌హెంజ్‌కి ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, మార్ల్‌బరో పక్కనున్న వెస్ట్ వుడ్స్. అది ఇప్పటికీ అడవే. టికెట్ లేదు, తాడు లేదు.

"అయితే దాని పుట్టింటికే పోదాం పద" అన్నారు మామయ్య.

మే మొదటి వారాంతం, బ్యాంక్ హాలిడే కలిసొచ్చింది. రెడింగ్ నుంచి ఎం4 మోటర్‌వే మీద హంగర్‌ఫర్డ్ దగ్గర దిగి, ఏ4 పట్టుకుంటే గంట లోపే మార్ల్‌బరో. వెస్ట్ వుడ్స్‌కి ఇంకాస్త ముందుకెళ్ళి లాకరిడ్జ్ వైపు తిరగాలి. కార్ పార్క్ చిన్నది. బ్లూబెల్స్ అనే నీలం పూలు పూసే రెండు మూడు వారాలు జనం వస్తారు కాబట్టి పది లోపు చేరండి. మేము తొమ్మిదిన్నరకి చేరాం కాబట్టి చోటు దొరికింది. పదకొండింటికి చూస్తే రోడ్డు వారన కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి.

అయినా లోపల పావుగంట నడిస్తే మనిషి అలికిడి ఉండదు. బీచ్ (beech) చెట్లు నిటారుగా, బూడిదరంగు బెరడుతో, కొత్తగా చిగిర్చిన ఆకులు. కింద నేలంతా శంఖుపూల రంగు. ఒక్కో కాడకి ఒక పక్కనే గంటలు వంగి వేలాడుతుంటాయి, దగ్గరగా వంగితే సన్నటి తీపి వాసన. అత్తయ్య బ్యాగులో వేంకటేశ్వరస్వామి చిన్న ఫోటో ఎప్పుడూ ఉంటుంది. "రెండు పూలు కోసుకుంటానమ్మా" అంది. వద్దన్నాను. ఇక్కడ బ్లూబెల్ దుంపలు తవ్వడం నేరం, పూలు కోయడం కూడా మర్యాద కాదు, ఆకు మీద కాలు వేసి తొక్కితే ఆ మొక్క కోలుకోవడానికే ఏళ్ళు పడుతుంది. అత్తయ్య మొహం చిన్నబుచ్చుకుంది. బాట మీదే రాలి ఉన్న ఒకటి దొరికాక మళ్ళీ మామూలైంది.

మామయ్యకి మాత్రం మొదట నచ్చలేదు. "అన్నీ ఒకే ఈడు చెట్లు. ఇది ప్లాంటేషన్ అమ్మా, అడవి కాదు" అన్నారు. పులి లేదు, ఎలుగు లేదు, జింకలూ బ్యాడ్జర్లూ తప్ప ఏమీ లేవని తెలిశాక ఇంకా తీసిపారేశారు. వాన్స్‌డైక్ అని ఎప్పటిదో మట్టికట్ట ఒకటి అడవి మధ్యలోంచి పోతుంది. దాని మీద నిలబడి కాసేపు చూసి, "మంటలు పాకకుండా కొట్టే మా ఫైర్ లైన్లు ఇంతకన్నా తిన్నగా ఉండేవి" అని తీర్పిచ్చారు.

రాయి కనిపించాక స్వరం మారింది. పడుకున్న గేదెంత ఉంటుంది, సగం మట్టిలో, మిగతా సగం నాచులో. బోర్డు కూడా లేదు. మామయ్య నాచు కదపకుండా పక్కనున్న చోట అరచేయి పెట్టి, చాలాసేపు తీయలేదు. అత్తయ్య దాన్ని తాకి కళ్ళకద్దుకుంది. "అక్కడ తాకనివ్వలేదుగా" అంది.

ఇక బస సంగతి.

ఆన్‌లైన్లో చూసి పెట్టాను. పాత ఇల్లు, పైనా కిందా గదులు, అడవి కనిపిస్తుంది, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి రెండు గదులకి రాత్రికి 238 పౌండ్లు. ఆ రేటుకి ఒప్పుకున్నది ఒక్క కారణంతోనే, మామయ్యకి మోకాళ్ళ నొప్పులు, వాళ్ళ గది గ్రౌండ్ ఫ్లోర్‌లో అని బుకింగ్‌లో స్పష్టంగా ఉంది. మధ్యాహ్నం మూడూ నలభైకి చేరాం, అప్పటికి వాన మొదలైంది. తలుపు తీసిన ఓనరమ్మ చక్కగా నవ్వి, గదులు సిద్ధంగానే ఉన్నాయి కానీ చెక్-ఇన్ నాలుగింటికి అని చెప్పి, అంతే చక్కగా తలుపేసింది. ఇరవై నిమిషాలు కారులో కూర్చున్నాం. ఇక్కడి మర్యాద ఎంత చల్లగా ఉంటుందో తెలియని వాళ్ళకి అదే మొదటి పాఠం.

లోపలికెళ్ళాక గ్రౌండ్ ఫ్లోర్ గది ఇంకెవరికో ఇచ్చేశారని తెలిసింది. వాళ్ళకి కుక్క ఉందట, కుక్క మెట్లెక్కలేదట. మామయ్య ఎక్కగలరు కదా అని ఆవిడ లెక్క. ఆ మెట్లు ఎంత ఇరుకంటే సూట్‌కేసు అడ్డంగా తిప్పాలి. ఆయన పిట్టగోడలాంటి రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే మావారి మొహం చూడలేకపోయాను. మావారు గొడవ పడే రకం కాదు, లోపల్లోపల ఉడికిపోయే రకం. ఇక అడవి వ్యూ అంటారా, బాత్‌రూమ్ కిటికీ తెరిచి మెడ బయటపెడితే దూరంగా చెట్ల కొసలు. హీటర్ రాత్రి తొమ్మిదికి దానంతటదే ఆగిపోయింది. వాష్‌బేసిన్‌కి వేడినీళ్ళ కుళాయి వేరు, చన్నీళ్ళ కుళాయి వేరు. ఒకదాంట్లో చెయ్యి కాలుతుంది, ఇంకోదాంట్లో కొంకర్లు పోతుంది. అత్తయ్య టీ కప్పులో రెండూ కలుపుకుని మొహం కడుక్కుంది.

ఆ సాయంత్రం పబ్‌కి వెళ్ళేసరికి ఎనిమిదిన్నరకే కిచెన్ మూసేశామన్నారు. పల్లెల్లో ఇది మామూలే, గుర్తుంచుకోండి. అదృష్టం కొద్దీ అత్తయ్య పొద్దున్నే చేసి డబ్బాలో పెట్టిన పులిహోర ఉంది. కిందికెళ్ళి నాలుగు ప్లేట్లు అడిగాను. ఆ ఓనరమ్మే ప్లేట్లూ స్పూన్లూ చేతికిచ్చి, ఎంజాయ్ అని కూడా అంది. గదిలో వంట చేయకూడదని గోడ మీద రాసి ఉంది. తినకూడదని ఎక్కడా లేదు. మేము వెలిగించింది బెడ్ పక్కన దీపం ఒక్కటే.

పొద్దున బ్రేక్‌ఫాస్ట్‌లో వెజిటేరియన్ సాసేజ్, పుట్టగొడుగులు, కాల్చిన టమాటా, బీన్స్. "బీన్స్‌లో బెల్లం వేసినారేంది?" అని అత్తయ్య గిన్నె పక్కకి జరిపింది. టోస్టూ ఆరెంజ్ మార్మలేడ్ మాత్రం ఇష్టంగా తింది, అది నిజంగా బాగుంది. పక్క టేబుల్ కింద ఆ గ్రౌండ్ ఫ్లోర్ కుక్కగారు, వానలో తడిసొచ్చి, ఒళ్ళు విదిలించుకుని కార్పెట్ మీద పడుకుంది. ఆ కంపు నేనిక్కడ వర్ణించను. కుక్కలకి అక్కడ చార్జీ లేదు.

ఇంటికొచ్చిన వారంలో కార్డు నుంచి 60 పౌండ్లు పోయాయి. అడిగితే ఈమెయిల్ వచ్చింది: గదిలో ఘాటైన తిండి వాసన పట్టేసిందట, ప్రత్యేకంగా శుభ్రం చేయించాల్సి వచ్చిందట. చింతపండు, ఆవాలు, ఇంగువ. చల్లారిపోయిన పులిహోర! శుభ్రం చేసినవాళ్ళ బిల్లు పంపండి అన్నాను, పంపలేదు. నియమాల్లో ఎక్కడుందో చూపించండి అన్నాను, చూపించలేదు. మంచితనం కొద్దీ సగం వెనక్కిస్తామన్నారు. ముప్ఫై తీసుకుని వదిలెయ్యమని మావారు. వదలను అని నేను. గది ఫోటోలు, గోడ మీద నియమాల ఫోటో, గ్రౌండ్ ఫ్లోర్ అని రాసున్న బుకింగ్ స్క్రీన్‌షాట్ అన్నీ జతచేసి బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డు నుంచి పోయిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అర్జీ) పెట్టాను. మొత్తం 60 వెనక్కొచ్చాయి. మీకూ ఇలా జరిగితే ఓనర్‌ని ఒకసారి ఈమెయిల్లో అడగండి, ఒప్పుకోకపోతే వాదిస్తూ కూర్చోకుండా బ్యాంకుకే వెళ్ళండి. బయల్దేరే ముందు గదిని ఫోన్లో వీడియో తీసుకోండి.

మామయ్య బాధ వేరు. "నా సర్వీసంతా అడవిలో నేను ఫైన్లు వేసినాను. రసీదు లేకుండా ఫైన్ వేస్తే మా డిపార్ట్‌మెంట్లో మెమో ఇచ్చేవాళ్ళు" అన్నారు.

అంత జరిగినా ఆ రెండో రోజు తలుచుకుంటే ఆయన మొహం వెలుగుతుంది. మార్ల్‌బరోకి ఆ పక్కనే ఉన్న సావర్నాక్ అడవి చలవ అది. సొంతదారులు ఒక పాత జమీందారీ కుటుంబం, దాదాపు వెయ్యేళ్ళ కిందటి నార్మన్ రాజుల కాలం నుంచి వారసత్వంగా వస్తోంది. 1939లో ప్రభుత్వ అటవీ సంస్థకి 999 ఏళ్ళ లీజుకిచ్చారు. ఈ మాట వినగానే మామయ్య కారు ఆపించినంత పని చేశారు. "తొమ్మిది వందల తొంభై తొమ్మిదా! మా దగ్గర చెట్లు కొట్టుకునే కూపు లీజు రెండేళ్ళకే కోర్టుకెక్కుతుంది." ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మూడో రాణి జేన్ సీమోర్ పుట్టింటివాళ్ళు ఈ అడవి పెత్తందార్లే అని మావారు చెబితే అటు చెవి కూడా పెట్టలేదు.

గ్రాండ్ అవెన్యూ అని, నాలుగు మైళ్ళకి కాస్త తక్కువగా, రెండు పక్కలా బీచ్ చెట్లతో తిన్నగా పోయే దారి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో వేసింది. కారు పోతుంది కానీ గుంతలు, పది మైళ్ళ వేగం దాటకండి. వారన ఆపుకుని దిగితే చాలు, మాకు అడవిలో పైసా ఖర్చు కాలేదు. అసలు చూడాల్సినవి ముసలి ఓక్ చెట్లు. ఒక్కోదానికి పేరు, చిన్న పలక. బోలుపడినవి, సగం ఎండినవి, కొమ్మ విరిగి నేలకానినవి, వాటినలాగే వదిలేశారు. ఎండుమాను ఎందుకు తీయలేదో మామయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. పురుగులకి, పిట్టలకి, గబ్బిలాలకి అదే ఇల్లు అని ఆయనే మాకు క్లాసు తీసుకున్నారు. "ఇదీ అడవంటే" అన్నారు చివరికి.

అన్నిటికన్నా పెద్దది బిగ్ బెల్లీ ఓక్, ఏ346 రోడ్డు అంచునే ఉంది. వయసు వెయ్యేళ్ళంటారు. 2002లో ఎంపిక చేసిన యాభై గొప్ప బ్రిటిష్ చెట్లలో ఇదొకటి. మామయ్య టేపు తెచ్చుకోలేదని వాపోయి, నా చున్నీ తీసుకుని, ఛాతీ ఎత్తులో కొలవడం మొదలెట్టారు. కార్లు దూసుకుపోతుంటే మావారికి ఒకటే టెన్షన్. దాదాపు ఐదు చున్నీలు వచ్చింది, అంటే పదకొండు మీటర్లు. రాసి ఉన్న లెక్క కూడా అదే. తండ్రీకొడుకులు ఆ రెండు రోజుల్లో నవ్వుకున్నది అప్పుడే. అర్ధరాత్రి దీని చుట్టూ అప్రదక్షిణంగా తిరిగితే దెయ్యం వస్తుందని స్థానికులు చెప్పుకుంటారట. అత్తయ్య ఈ ముక్క విని చెట్టు చుట్టూ కుడివైపుగా మూడుసార్లు తిరగబోయింది, రోడ్డు చూసి మానుకుంది.

మార్ల్‌బరోలో నలుగురికి టీ, స్కోన్లు 23 పౌండ్ల 40 పెన్నీలు. ఎక్కువే, కానీ కుర్చీలు మెత్తగా ఉన్నాయి, టాయిలెట్ శుభ్రంగా ఉంది. అడవిలో మాకు టాయిలెట్ కనిపించలేదు కాబట్టి పెద్దవాళ్ళుంటే ముందే ఊళ్ళో ఆగి వెళ్ళండి. రెండు అడవుల్లోనూ బురద ఉంటుంది, చెప్పులు వద్దు. కారు లేనివాళ్ళకి రెడింగ్ నుంచి బెడ్విన్‌కి నేరుగా రైలుంది, అక్కడి నుంచి సావర్నాక్ నడిచే దూరమే, మోకాళ్ళు బాగుంటే. ఏడాదికి ఒక్కరోజు సొంతదారులు తమ హక్కు నిలుపుకోవడానికి అడవి మూసేస్తారు, అది చూసుకోండి. రెడింగ్ నుంచైతే పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు, బసతో పనే లేదు. పులిహోర కారులో తినండి.

ఆకులన్నీ రాలాక ఇంకోసారి తీసుకుపొమ్మని మామయ్య అడుగుతున్నారు. ఓక్ కొమ్మల కట్టు అప్పుడే తెలుస్తుందట. వాళ్ళ వీసా గడువు అక్టోబరు మొదటి వారం, ఇక్కడ ఆకులు పూర్తిగా రాలేది నవంబరులో.