పంచడమా, ఊరికి ఉంచడమా, అమ్ముకోనివ్వడమా: సర్కారు భూమికి ఏది మేలు?

పాకాల వైపు మా ఊరి వెనుక ఒక గుట్ట ఉంది. దాని కింద మేత పోరంబోకు, అది దాటితే చెరువు. సీతాఫలాల కాలం వస్తే ఆడవాళ్లు చీకటితోనే గుట్టెక్కి కాయలు కోస్తారు. బుట్టల్లో ఆకులు పరిచి, గట్టి కాయలు అడుగున, కళ్లు విచ్చినవి పైన సర్ది మొదటి బస్సుకు తిరుపతికి చేరుస్తారు. ఆ గుట్ట ఎవరి పేరునా లేదు. లేదు కాబట్టే అందరికీ కాయ దొరుకుతోంది.

పోరంబోకు అనే మాటను మనం తిట్టు చేసేశాం. తమిళం నుంచి వచ్చిన ఆ మాటకు శిస్తు లెక్కకు బయట ఉన్న నేల అని అర్థం. రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతి సర్వేలో శిస్తు కట్టేది పట్టా అయింది, మిగిలింది సర్కారుదైంది. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీందారీల కింద ఉన్న చెరువులు, గుట్టలు కూడా 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ప్రభుత్వానికి వచ్చాయి. కాగితం మీద సర్కారుదే అయినా, వాడకంలో మాత్రం అంతకు ముందు నుంచీ ఊరిదే.

ఈ నేలను పేదలకు పంచడం ఒక దారి. దర్ఖాస్తు పెట్టుకున్న భూమిలేనివాళ్లకు ఇచ్చేదే డీకేటీ పట్టా. మా వీధిలో ఒక అవ్వ తన పట్టాను పాలిథిన్ కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంటుంది. మడతల దగ్గర చిరిగిపోయింది కానీ, తూర్పున వంక, పడమర గుట్ట అని హద్దులు ఇంకా చదవవచ్చు. ఆ నేలలో వేరుశనగ వేసే పిల్లలను పెంచింది. కూలికి పోయే మనిషిని రైతును చేసిన కాగితం అది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించలేను.

అయితే ఆ కాగితం నిలిచింది అమ్మకూడదన్న షరతు వల్లే. 1954 జూన్ 18 నాటి జీవోతో ఆంధ్ర ప్రాంతంలో ఆ షరతు వచ్చింది. 1977 చట్టం దానికి పళ్లు ఇచ్చింది: అసైన్డ్ భూమిని, అంటే ఇలా పేదలకు ఇచ్చిన సర్కారు భూమిని, ఎవరైనా కొంటే ఆ కొనుగోలు చెల్లదు, భూమిని తిరిగి అసలు పట్టాదారుకో వారసులకో అప్పగించవచ్చు. 2023 సవరణ ఈ కట్టు విప్పి, ఇచ్చి 20 ఏళ్లు నిండితే అమ్ముకోవచ్చంది. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లను ఆపి పరిశీలన మొదలుపెట్టారు.

అమ్ముకునే హక్కు కావాలనేవారి వాదనలో న్యాయం లేకపోలేదు. పిల్ల పెళ్లికో ఆపరేషనుకో డబ్బు కావాలంటే పక్క పట్టా రైతు పొలం అమ్మగలడు, డీకేటీ రైతు అమ్మలేడు. ఆ తేడా నిజంగా బాధాకరం. కానీ తిరుపతి దగ్గరి రేణిగుంట, ఏర్పేడు చుట్టూ ఎకరం ధర ఎక్కడికి పోయిందో చూస్తున్నాం. అక్కడ ఆ హక్కు మొదట చేరేది రైతుకు కాదు, అప్పటికే తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని చాటుగా కొనేసినవాడికి. ప్రభుత్వం అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ పరిహారం, బ్యాంకులో పంట రుణం సరిగ్గా అందేలా చూస్తే అమ్మకం తప్పని పరిస్థితులు చాలావరకు తగ్గుతాయి. అందుకే నా మొగ్గు షరతు ఉన్న పట్టా వైపే.

మరి మేత, చెరువు, వంక? వీటిని పేదల పేరునైనా సరే పంచకూడదు. చెరువు లోతట్టులో పట్టా ఇస్తే, నీళ్లు నిండిన ఏడు పైరు మునుగుతుందని కలుజును, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే కట్టను, తెగ్గొట్టాలని చూస్తారు. కింద ఆయకట్టు ఎండుతుంది. మేత బీడు పోతే ముందు గొర్రెలు అమ్ముకునేది సెంటు భూమి లేనివాళ్లే. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. భూమిలేని కూలీలకు, దళిత గిరిజనులకు ప్రభుత్వం లీజుకు ఇచ్చినచోట మాత్రం మినహాయింపు ఉండవచ్చంది. నేను అడిగేదీ అదే కోవలోది: దున్నుకుంటున్నచోట పేదకు పట్టా, నీరూ మేతా ఉన్నచోట ఊరికి హక్కు.

మా ఊళ్లో ఈసారి దర్ఖాస్తులు పిలిస్తే గుట్ట సర్వే నంబరు ఆ జాబితాలో ఉందేమో ముందు చూస్తాను. ఉంటే గ్రామసభలో లేచి నిలబడి తీసేయమంటాను.