పిక్ లైన్ డ్రెస్సింగ్‌కి ఇంటికొచ్చే నర్సు సర్వీసు, రెండు నెలలు వాడాక రాస్తున్నా

మా అమ్మకి లింఫోమా (ఒక రకం రక్త క్యాన్సర్), 21 రోజులకోసారి కీమో, చేతికి పిక్ లైన్ పెట్టారు. ఆ సన్న గొట్టం నరంలోంచి గుండె దగ్గర దాకా పోయి ఉంటది కాబట్టి బయట మూత దగ్గర క్రిమి చేరితే నేరుగా రక్తంలోకే. కీమో అయ్యాక వారం నుంచి రెండు వారాల మధ్య కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, బాగా పడిపోతాయి. ఆ టైంలో వారం వారం డ్రెస్సింగ్ కోసం బస్సు జనంలో తిప్పలేక ఈ సర్వీసు మాట్లాడుకున్నాం.

మొదట వచ్చినతను గ్లవ్స్ వేసుకుని వాటితోనే ఫోన్ ఎత్తాడు, మళ్ళీ అదే చేత్తో మూత విప్పబోతే నేనే ఆపేశా. డిశ్చార్జ్ రోజు సిస్టర్ గారు దగ్గరుండి చూపించారు గనక తెలిసింది, లేకపోతే ఊరుకునేదాన్నే, తలుచుకుంటే ఇప్పటికీ భయం. కంప్లైంట్ చేస్తే వాదించకుండా వేరే సిస్టర్ని పంపారు, ఈ నాలుగు స్టార్లు ఆవిడకే. రాగానే సబ్బుతో చేతులు కడుక్కుంటారు, ఫ్యాన్ ఆపిస్తారు, అమ్మకీ తనకీ మాస్క్. పాత డ్రెస్సింగ్ తీశాక గ్లవ్స్ మార్చి, క్లోర్‌హెక్సిడిన్ (క్రిముల్ని చంపే మందు) రాసి అది దానంతటదే ఆరేదాకా ఆగుతారు, ఊదరు. మూతని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్దుతూ పైకే లెక్కపెడతారు, ఇప్పుడు అమ్మ కూడా కలిసి లెక్కపెడుతోంది. తర్వాత 10 ఎంఎల్ సిరంజితో సెలైన్ ఆపి ఆపి తోస్తారు.

రెండో సైకిల్ పదో రోజు రాత్రి అమ్మకి 100.6 జ్వరం. ఆ సిస్టర్‌కే ఫోన్ చేశా, డోలో వేసి పొద్దున దాకా చూద్దాం అనుకోకండి, 100.4 దాటిందంటే వెంటనే బయల్దేరండి, క్యాజువాలిటీలో ముందు కీమో పేషెంట్ అని చెప్పండి అన్నారు. అలాగే చెప్పాం, లైన్ నుంచీ రెండో చేతి నుంచీ కల్చర్‌కి (క్రిములు ఉన్నాయేమో చూసే పరీక్ష) రక్తం తీసి గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు. క్రిములతో పోరాడే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, 300కి పడిపోయాయంట. కల్చర్‌లో ఏమీ రాలేదు, ఐదు రోజులకి ఇంటికొచ్చేశాం.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఓ ఆదివారం స్నానంలో తడిసి డ్రెస్సింగ్ అంచు లేచింది, ఆఫీసుకి చేస్తే ఏడు రోజులు కాలేదుగా, సోమవారం పంపుతాం అన్నారు. తడిస్తే, ఊడితే ఏడు రోజులు లెక్క కాదండీ, అప్పుడే మార్చాలి. ఆ రోజు ఆటో మాట్లాడుకుని హాస్పిటల్‌కే పోయాం. ఆదివారం కూడా ఒక సిస్టర్ని డ్యూటీలో పెట్టండి దయచేసి.